మొక్కజొన్న పాము పిల్ల: దాని యాహారము, పెరుగుదల

పాము అను మాట చెవిని బడినంతనే మన యిండ్లలో తల్లులు బిడ్డలను వెనుకకు లాగుదురు. ఒకరు దీపము తెమ్మందురు, మఱియొకరు కఱ్ఱకొఱకు పరుగెత్తుదురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి తిరుగాడు పొలముల నడుమ పుట్టి పెరిగిన మనకు ఆ భయము పెద్దలిచ్చిన రక్షణయే గాని పిరికితనము కాదు. అట్టి మనకు, ఒక బాలుడు పాము పిల్లను పెట్టెలో నుంచుకొని, దాని యారోగ్యము చెడెనని కన్నీరు పెట్టుకొనుట వింతగా దోచును. ఆ వింతను నేను కన్నులార జూచితిని. దానివలన నేర్చుకొన్న సంగతులు మన పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఉత్తర కరోలినాలో కాపురమున్న నా చెల్లెలి యింటికి బోయి కొన్ని వారములుంటిని. నా మేనల్లుడు అప్పటికి పండ్రెండేండ్లవాడు. వాని గదిలో బల్లపై మూతగల చిన్న పెట్టె యొకటి, దానిలో చిటికెనవ్రేలికంటె సన్నని పాము పిల్ల యొకటి యుండెను. నేను చేరిన మూడవనాటి యుదయమున వాడు నాయొద్దకు వచ్చి, "మామయ్యా, నిన్న తిన్నదంతయు ఇది కక్కివేసినది. ఆకలితో చచ్చిపోవునేమో! మరల పెట్టుదునా?" అని యడిగెను. నాకు బదులు తెలియదు. పాఠశాలలో జీవశాస్త్రము బోధించిన నాకు ఆ ప్రశ్న సిగ్గు గలిగించినది. అప్పటినుండి నేనును వాడును గలసి గ్రంథములు చదివితిమి. పశువైద్యుని సలహా గైకొంటిమి. ఆ పాము పిల్లకు కలిగిన యాపదకు కారణము ఆకలి కాదనియు, మా వాని యతిప్రేమయే యనియు తుదకు తేలినది.

జన్మభూమి, పేరు

ఈ పామును ఆ దేశీయులు కార్న్ స్నేక్ అందురు. అనగా మొక్కజొన్న పాము. ఇది సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయ భాగమునకు చెందినది. ఉత్తరమున న్యూజెర్సీలోని దేవదారు వనములు మొదలుకొని దక్షిణమున ఫ్లారిడా కొననున్న దీవుల వరకును, పడమట లూసియానా వరకును ఇది సహజముగా నివసించును. స్వీడను దేశీయుడగు లిన్నేయస్ పండితుడు 1766 లో దీనికి శాస్త్రీయ నామము నొసగెను. నేడు శాస్త్రజ్ఞులు దీనిని పాంథెరోఫిస్ గుట్టాటస్ అని పిలుచుచున్నారు. గుట్టాటస్ అను లాటిను పదమునకు మచ్చలు గలదని యర్థము. నారింజ వన్నె లేక గోధుమ వన్నె మేనిపై నల్లని యంచు గల ఎఱ్ఱని మచ్చలు వరుసగా నుండుటచే ఆ పేరు తగియున్నది.

మొక్కజొన్న పేరు దీనికేల వచ్చెనన్న రెండు కారణములు చెప్పుదురు. మొక్కజొన్న గాదెలలో ధాన్యముకొఱకు ఎలుకలు చేరును. ఎలుకలకొఱకు ఈ పాము చేరును. అందుచే రైతు గాదె తెఱచినప్పుడు ఇది కంటబడుచుండెడిదని యొకటి. దీని కడుపు క్రింద నలుపు తెలుపు గడులు రంగురంగుల గింజలుగల మొక్కజొన్న కంకిని బోలియుండునని రెండవది. ఏది నిజమైనను, మన పల్లెలలో జెర్రిపోతు చేయు పనినే అచ్చట నిది చేయుచున్నది. దీనికి విషము లేదు. ఎలుకను నోట బట్టి, శరీరముతో చుట్టలు చుట్టి బిగించి చంపును. ఇట్లు బిగించు సర్పములు ఊపిరి యాడనీయక చంపునని చిరకాలము తలచిరి. 2015 లో స్కాట్ బోబాక్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు బోవా యను సర్పజాతిని పరీక్షించి, ఆ బిగింపు వలన కొన్ని క్షణములలోనే ఎలుక రక్తప్రసారము స్తంభించునని కనుగొనిరి.

గుడ్డునుండి వెలువడుట

తల్లిపాము వేసవి ఆరంభమున ఇంచుమించు 10 మొదలు 30 వరకు గుడ్లు పెట్టును. మ్రాకుల తొఱ్ఱలలోను, కుళ్లుచున్న ఆకుల క్రిందను, వెచ్చదనమును తేమయు గల తావు చూచి పెట్టి పోవును. పిమ్మట వానిని పొదుగదు, కాయదు. ఇండ్లలో పెంచువారు ఆ గుడ్లను సుమారు 28 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమున నుంచుదురు. అట్లుంచిన రెండు నెలలకు పిల్లలు బయలువెడలును. ఈ గుడ్డు పెంకు కోడిగ్రుడ్డు పెంకువలె గట్టిది కాదు, మెత్తని తోలువంటిది. పిల్ల ముక్కు కొనయందు చిన్న పన్ను మొలచియుండును. దానితో పెంకును చీల్చి, తల మాత్రము వెలుపల బెట్టి, ఒక్కొక్కప్పుడు ఒక దినమంతయు అట్లే లోకమును చూచుచుండును. ఆ సమయమున లోపల మిగిలిన పచ్చసొన దాని యుదరములోనికి చేరుచుండును. తొందరపడి దానిని బయటికి లాగువాడు ఆ మిగిలిన యాహారమును దానికి దక్కనీయడు.

బయటికి వచ్చిన పిల్ల 8 మొదలు 12 అంగుళముల పొడవును, సుమారు 5 మొదలు 8 గ్రాముల బరువును కలిగియుండును.  అయినను తల్లి సాయము లేకయే బ్రదుకవలెను.

మొదటి కుబుసము, మొదటి భోజనము

గుడ్డు వెడలిన పిల్లకు వెంటనే ఆహారము పెట్టుట పెద్ద పొరపాటు. పచ్చసొన బలము దానికింకను ఉన్నది. సుమారు వారము లేక పది దినములకు అది మొదటి కుబుసము విడుచును. అది విడిచిన పిమ్మటనే మొదటి భోజనము పెట్టవలెను. అడవిలో నీ పిల్లలు చిన్న బల్లులను, చెట్టుకప్పలను పట్టుకొని తినును. పెరిగిన పిదప ఎలుకలను, పక్షులను, వాని గుడ్లను తినును. పెట్టెలో పెంచువారు మాత్రము అప్పుడే పుట్టి ఇంకను వెండ్రుకలు మొలవని చిట్టెలుక పిల్లలను పెట్టుదురు. వానిని అచ్చటి అంగళ్లలో పింకీలని పిలిచి, చంపి, మంచుపెట్టెలో గట్టిపరచి అమ్ముదురు.

ప్రాణముతో నున్న యెలుకను పాముపెట్టెలో వేయుట వినోదమని కొందఱు తలచెదరు. అది క్రూరము మాత్రమే కాదు, అవివేకము కూడ. పెరిగిన యెలుక పామును కొఱికి గాయపరచును; కన్ను పోగొట్టినను పోగొట్టును. కావున చంపి గడ్డకట్టించినదానినే పూర్తిగా కరగనిచ్చి పెట్టవలెను. సంచిలో నుంచి గోరువెచ్చని నీటిలో ముంచిన మెల్లగా కరగును. వంట యింటి విద్యుత్ పొయ్యిలో కరగించిన ఒకచోట ఉడికి మఱియొకచోట గడ్డగానే యుండును. నడుమ చల్లదనము మిగిలిన మాంసము పాము కడుపులో కుళ్లును. ఇంకొక సంగతి: ఎలుక నంతయు నొక్కటిగా మ్రింగుటచే మాంసముతోబాటు ఎముకలలోని సున్నమును, కాలేయములోని సత్తువయు దానికి చేరును. విడిగా కోసిన మాంసపు ముక్కలు చూపునకు పుష్టికరముగా నున్నను, అవి సంపూర్ణాహారము కాజాలవు.

ఎంత? ఎన్నాళ్లకొకసారి?

ఈ ప్రశ్నలోనే పాము పిల్ల ప్రాణమున్నది. మన శరీరమును వెచ్చగా నుంచుటకు మనము తిన్న యాహారములో నధిక భాగము ఖర్చగును. పాము తన మేనిని తానే వెచ్చచేసికొనదు; ఎండనో, వెచ్చని రాతినో ఆశ్రయించును. అందుచే అంతే బరువుగల క్షీరదమునకు కావలసిన యాహారములో పదవ వంతుతో అది కాలక్షేపము చేయగలదు. మూడు పూటలు తిను మనకు వారమునకొక భోజనము ఉపవాసమువలె దోచును. పామునకు అదియే విందు.

పిల్లకు మొదట 5 మొదలు 7 దినముల కొకసారి ఒక్క పింకీ చాలును. పాము నడుమున లావెంతయో, ఎలుక లావును అంతయే యుండవలెను. ఎంత హెచ్చినను దానికి ఒకటిన్నర రెట్లకు మించరాదు. ఆరు గ్రాముల పాము పిల్ల ఒక గ్రామున్నఱకు దగ్గరగానున్న ఎలుక పిల్లను మ్రింగినదనుకొందము. దాని బరువులో నాలుగవ వంతు ఒక్క కబళమున లోనికి బోయినది. నలువది కిలోల బరువుగల బాలుడొకడు ఒక్క పూటలో పది కిలోల యన్నము తినినట్లు! అట్టి భోజనము చేసినవాడు మఱునాడు పంక్తిలో కూర్చుండగలడా?

పాము పెరిగినకొలది ఎలుకయు పెరుగవలెను. నూగు మొలచినది, కండ్లు తెఱచి గంతులు వేయునది, తుదకు పూర్ణముగా నెదిగిన చిట్టెలుక అను క్రమమున మార్చుదురు. ఒక యేడు నిండిన పామునకు 7 మొదలు 10 దినముల కొకసారియు, పూర్తిగా నెదిగినదానికి రెండు వారముల కొకసారియు పెట్టిన చాలును.

మ్రింగు విధము

పాము దవడలు ఊడిపోయి నోరు పెద్దదగునని జనులందురు. అది నిజము కాదు. మన క్రింది దవడ రెండు ప్రక్కలును గడ్డము వద్ద ఒక్కటిగా నతికియుండును. పామున కవి అతుకక, సాగెడు కండతో మాత్రమే కలుపబడియుండును. దవడను తలకు చేర్చు ఎముకయు వదులుగా కదలును. కావున రెండు ప్రక్కలును వేర్వేరుగా కదలుచు, ఒకదాని పిమ్మట నొకటి ముందునకు జరుగుచుండును. పండ్లు వెనుకకు వంగియుండుటచే పట్టినది జారిపోదు. చూచువారికి పాము ఎలుకను మ్రింగుచున్నట్లుగాక, ఎలుకపై తానే నడచుచున్నట్లు కనబడును. తరచుగా తలవైపునుండి మ్రింగును. అప్పుడు కాళ్లును వెండ్రుకలును వెనుకకు మడిగి అడ్డము రావు. నోరు నిండియుండగా ఊపిరి యెట్లని యడుగుదురేమో! ఊపిరిగొట్టము ముఖద్వారము క్రింది దవడపై ముందునకు సాగి వచ్చి గాలి పీల్చుచుండును.

వెచ్చదనమే దాని పొయ్యి

మన మింట పొయ్యిపై వండి తిందుము. పాము తిన్న పిమ్మట వండుకొనును. దాని కడుపులోని పాచకరసములు పనిచేయుటకు బయటి వెచ్చదనము కావలెను. కావున పెట్టెలో ఒక వైపు 28 మొదలు 30 డిగ్రీలును, రెండవ వైపు 22 మొదలు 24 డిగ్రీలును ఉండునట్లు ఏర్పాటు చేయుదురు. తిన్న పాము వెచ్చనివైపు చేరి పరుండును. వెచ్చదనము చాలిననాడు చల్లనివైపునకు తానే పోవును. రెండు వైపులను దాగుటకు చోటుండవలెను. ఒకవైపే చాటున్న యెడల, భయముచేత అక్కడనే యుండి, కావలసిన వెచ్చదనమును వదలుకొనును. మంచినీటి గిన్నె ఎల్లప్పుడు నుండవలెను. పెట్టె మిక్కిలి పెద్దదైనను పిల్ల బెదరి తినదు. అరణ్యములో దానికి శత్రువులు కోకొల్లలు. బయలు ప్రదేశమన్న దానికి పుట్టుకతోనే భయము.

కక్కుట

ఇక మా మేనల్లుని కథకు వత్తము. వాడు పాము పిల్ల త్వరగా పెద్దది కావలెనని కోరి, వారము తిరుగకయే రెండవ భోజనము పెట్టెను. అదియు మొదటిదానికంటె పెద్దది. పెట్టిన సాయంకాలమే స్నేహితులకు చూపుటకై చేతిలోనికి దీసి ఆడించెను. ఆ రాత్రి గదిలో చలి హెచ్చినది. పామును కక్కించు కారణములలో ముఖ్యములైన నాలుగును, పెద్ద యాహారము, తొందర భోజనము, తిన్న వెంటనే ముట్టుట, చలి, ఒక్క దినముననే కూడివచ్చినవి!

మనిషి వాంతి చేసికొనిన మఱునాటికి గంజి త్రాగి లేచును. పాము పిల్ల అట్లు కాదు. కక్కినప్పుడు పాచకరసములును, శరీరములోని నీరును, జీర్ణమునకు తోడ్పడు సూక్ష్మజీవులును బయటికి పోవును. ఆమ్లము గొంతును ఒరసి పుండు చేయును. ఆకలిగా నున్నదని జాలిపడి వెంటనే మరల పెట్టినచో మరల కక్కును. ఇట్లు రెండు మూడు మారులు జరిగిన ఏడు గ్రాముల ప్రాణము నిలుచుట కష్టము. పశువైద్యుడు మాకు చెప్పిన మందు ఒక్కటే: పది మొదలు పదునాలుగు దినములు ఏమియు పెట్టకుడు, నీరు మాత్రముంచుడు, ముట్టకుడు, వెచ్చదనము సరిచూడుడు, ఆ పిమ్మట మునుపటిదానిలో సగమున్న యాహారమును పెట్టుడు.

ఆ పండ్రెండు దినములును మా వానికి యుగములుగా గడచినవి. దినమున కైదు మారులు మూతవద్దకు బోవును, చేయి చాపును, మరల వెనుకకు దీయును. "మామయ్యా, ఏమియు చేయకుండుట యింత కష్టమా?" అని యొకనాడడిగెను. పదమూడవనాడు దొరకిన వానిలో మిక్కిలి చిన్న పింకీని పెట్టి, దీపము తగ్గించి, మేమిద్దఱమును గది వెడలితిమి. తెల్లవారి చూడగా పెట్టెలో ఎలుక లేదు. రెండు దినములు గడచినను కక్కలేదు. ఆ సంతోషమును వాడు పరీక్షలో మొదటివాడైనప్పుడును చూపలేదని మా చెల్లెలు చెప్పెను.

తిననొల్లని పిల్లలు

కొన్ని పిల్లలు మొదటినుండియు ఎలుకను ముట్టవు. అది మొండితనము కాదు. బల్లిని ఆహారముగా నెరుగు సహజజ్ఞానముతో పుట్టినదానికి ఎలుక వాసన తిండి వాసనగా దోపదు. పాము నాలుకను బయటికి చాచి గాలిలోని వాసన కణములను దీసికొని, నోటి పైభాగమున నున్న జాకబ్సన్ అవయవమునకు అందించును. ఆ యవయవమే ఆహారమును గుర్తుపట్టును. అందుచే అనుభవజ్ఞులు ఎలుక పిల్లను మంచినీట కడిగి, బల్లి శరీరమునకు తగిలించి ఆ వాసన పట్టించి పెట్టుదురు. చిన్న డబ్బాలో పామును, ఆహారమును చేర్చి, చీకటిలో రాత్రియంతయు కదలింపక యుంచుట మఱియొక యుపాయము. బలవంతముగా నోరు తెఱచి పెట్టుట కడపటి మార్గము. అది పశువైద్యుడో, చేయి తిరిగినవాడో చేయవలసిన పని గాని బాలురు చేయదగినది కాదు.

కన్నులు నీలివన్నెగా మసకబారినప్పుడును పాము తినదు. అది రోగము కాదు. కుబుసము విడుచు ముందు పాత చర్మమునకును క్రొత్త చర్మమునకును నడుమ ద్రవము చేరుటచే అట్లగును. పామునకు రెప్పలు లేవు. కంటిపై అద్దమువంటి పొర యొకటి యున్నది. కుబుసముతో అదియు ఊడివచ్చును. కొన్ని దినములకు కన్నులు తేటపడి, ముక్కువద్ద చర్మము విడివడి, మేజోడు తిరుగవేసినట్లు కుబుసమంతయు వెనుకకు ఒలిచిపోవును. ఆ పిమ్మట ఆకలి మెండుగా నుండును.

పెరుగుదల

పెరిగెడు పిల్ల సుమారు నాలుగు మొదలు ఆరు వారముల కొకసారి కుబుసము విడుచును. పెద్దదైనకొలది ఆ యెడము హెచ్చును. కుబుసమును గొలిచి పాము పొడవు చెప్పరాదు. ఒలిచినప్పుడు అది సాగుటచే పాముకంటె పొడవుగా నుండును. నిజమైన కొలత త్రాసే. మా మేనల్లుడు నెలకొకసారి చిన్న డబ్బాలో పామునుంచి తూచి, తేదీ, బరువు, పెట్టిన యాహారము పుస్తకమున వ్రాయుట మొదలిడెను. బరువు మెల్లమెల్లగా హెచ్చుచున్న పాము ఆరోగ్యవంతమైనది.

మంచి పోషణగల పిల్ల ఏడాదికి సుమారు రెండడుగుల పొడవునకు వచ్చును. రెండు మూడేండ్లకు మూడడుగులు దాటి, సంతానయోగ్యమగును. పూర్తిగా నెదిగినది సాధారణముగా మూడు మొదలు ఐదడుగులుండును. ఆరడుగులకు చేరినవియు గలవు. చక్కగా పెంచినచో ఇరువది యేండ్లవరకు బ్రదుకగలదు. తొందరగా పెంచవలెనని వారమున రెండు మూడు మారులు మేపువారు గలరు. అట్లు మేపిన శరీరమున క్రొవ్వు చేరి, కాలేయము చెడి, ఆయువు తగ్గును.

ఈ పెరుగుదలలో ఒక యాశ్చర్యమున్నది. పాము పొడవు పెరుగునప్పుడు వెన్నెముకలో క్రొత్త ఎముకలు చేరవు. ఆ లెక్క గుడ్డులోనే నిర్ణయింపబడును. 2008 లో ఓలివియే పూర్కియే మొదలగు శాస్త్రజ్ఞులు నేచర్ అను పత్రికలో ప్రకటించిన పరిశోధనయందు, ఈ మొక్కజొన్న పాము పిండమునే పరీక్షించి, దాని శరీరము మూడువందలకు పైగా ఖండములుగా నేర్పడునని చూపిరి. చిట్టెలుక పిండమున కట్టి ఖండములు సుమారు 65 మాత్రమే. ఒక్కొక్క ఖండము నేర్పరచు గడియారమువంటిది పిండములో నున్నదనియు, పాము పిండము పెరుగు వేగముతో పోల్చిన ఆ గడియారము మిక్కిలి వడిగా కొట్టుకొనుననియు వారు తెలిపిరి. కావున గుడ్డు వెడలునప్పటికే వెన్నుపూసలన్నియు అమర్చబడియున్నవి. తరువాతి భోజనములు వానిని పెద్దవిగా మాత్రమే చేయగలవు. ఎంత మేపినను ఒక్క పూస యైనను హెచ్చు కాదు.

పాలు త్రాగునా?

మన దేశమున పాములు పాలు త్రాగునని నమ్ముదురు. నేనిచ్చట పండుగను గూర్చి గాక, పాము కడుపును గూర్చి మాత్రమే చెప్పుచున్నాను. పాలు క్షీరదముల పిల్లల యాహారము. పాము పిల్ల తల్లిపాలెరుగదు. పాలను సరిగా జీర్ణము చేసికొను శక్తి దానికి లేదు. దినముల తరబడి నీరు లేక దాహముతో నుంచబడిన పాము ఎదుట పాలుంచిన దాహముచేత త్రాగును, పిదప రోగగ్రస్తమగును. ఇట్టి యపోహ మనకే పరిమితము కాదు. అమెరికాలో కూడ పసులకొట్టములలో కనబడు ఒక పామును ఆవుపొదుగు గుడుచునని తలచి, దానికి పాలపాము అని పేరు పెట్టిరి. అదియు ఎలుకలకొఱకే కొట్టమునకు వచ్చుచుండెను!

జాగ్రత్తలు

ఈ వ్యాసము చదివి యెవరును పొలమునకు బోయి పాము పిల్లను పట్టి తేరాదు. విషసర్పము పిల్లకును పుట్టుకతోనే విషముండును; దానిని గుర్తుపట్టుట బాలురకు సాధ్యము కాదు. మఱియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు సర్పములను పట్టుటయు, పెంచుటయు, చంపుటయు నేరములు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమునను విషములేని స్వదేశ సర్పములను పట్టి పెంచుకొనుట నిషిద్ధము. న్యూజెర్సీలో మొక్కజొన్న పామును అంతరించు ప్రమాదముగల జంతువుల పట్టికలో చేర్చిరి. మా మేనల్లునిది అడవినుండి తెచ్చినది కాదు, పెంపకములోనే పుట్టినది.

విదేశములలో పెంచు మన బంధువులకు రెండు మాటలు. పాములు మొదలగు ప్రాణుల మేనిపై సాల్మొనెల్లా అను రోగబీజములుండవచ్చును. కావున ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఐదేండ్లలోపు శిశువులకు వానిని తాకనీయరాదు. పెంచి విసిగి బయట వదలుట మహాపరాధము. ఈ పాము తనది కాని కొన్ని కరీబియను దీవులలో చేరి వృద్ధినొందినది. ఆస్ట్రేలియాలో దీనిని పెంచుకొనుటయే చట్టవిరుద్ధము.

ముగింపు

నేను తిరిగి వచ్చిన యేడాదికి మా మేనల్లుడు తన లెక్కల పుస్తకములోని పుటలను నాకు పంపెను. ఏడు గ్రాములతో మొదలై, ఆరుకు దిగి, అక్కడనుండి నెలనెలకు కొంచెము కొంచెముగా ఎక్కుచు బోయిన అంకెలు దానిలో నుండెను. దిగిన చోట వాడు ఎఱ్ఱసిరాతో "ఇది నా తప్పు" అని వ్రాసికొనెను. పండ్రెండు దినములు ఖాళీగా నున్న వరుసలయెదుట మాత్రము "ఏమియు పెట్టలేదు" అని పండ్రెండు మారులు వ్రాసియుండెను. ఆ పుస్తకమంతటిలో నాకు మిక్కిలి నచ్చిన పుట యదియే.

ఓ విద్యార్థులారా! ఒక ప్రాణిని పెంచుటయన్న దాని కడుపు నింపుట మాత్రమే కాదు. దాని స్వభావమును తెలిసికొని, అది కోరినప్పుడిచ్చి, అక్కఱలేనప్పుడు చేయి వెనుకకు దీసికొనుటయు పెంపకమే. తలిదండ్రులును, ఉపాధ్యాయులును ఈ సంగతి నొక్క పాము పిల్ల విషయముననే గాక యోచింతురు గాక!